నీ ఇష్టం

నాలుగింటికి హాస్పిటల్ నుంచి రజిత ఫోన్ చేస్తుంది. ఆలోపు ఉమాశ్రీ ఒక మాట తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి కాసేపు ఒంటరిగా కూర్చునే చోటు పదకొండు అంతస్తుల ఆఫీసులో ఎక్కడా దొరకలేదు. మీటింగ్ గదులన్నీ గాజువే, లోపల మనిషి ముఖం కాస్త వాడిందంటే బయట నలుగురికీ తెలిసిపోతుంది. క్యాంటీన్‌లో మూడింటి టీకి వచ్చినవాళ్ళు, మెట్ల మీద గొంతు తగ్గించి ఫోన్లు మాట్లాడుకునేవాళ్ళు. చివరికి ఏడో అంతస్తు మూలన, పసిపిల్లల తల్లులు పాలు తీసుకునే గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మదర్స్ రూం అంటారు దాన్ని. రెండు వాలుకుర్చీలు, వాటి మధ్య ఒక తెర, చేతులు కడుక్కునే సింకు, మోకాలెత్తు ఫ్రిజ్. కిటికీ లేదు, అందుకే బయట మాదాపూర్ రోడ్డు మీద హారన్ల మోత కూడా గోడ వెనక ఎవరో సణుగుతున్నట్టు వినిపిస్తోంది. నలభై ఏడేళ్ళ మనిషికి, డిగ్రీ చదువుతున్న కూతురున్న మనిషికి ఇక్కడేం పని అని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు లేదు. ఎవరూ అడగరులే అనుకుంది. ఈ గదిని పెట్టించిందే తను.

ఏడేళ్ళ కిందట అడ్మిన్ వాళ్ళతో ఎన్ని మెయిళ్ళు. ఎంతమంది వాడతారో లెక్క ఇవ్వండి అని ఒకాయన రాస్తే, వాడేవాళ్ళు ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్నారు, ఉన్నవాళ్ళని లెక్కపెడితే ఏం తెలుస్తుంది అని తను రాసింది. అంత ఘాటుగా అంతకుముందు ఎప్పుడూ రాయలేదు. రాస్తున్నంతసేపూ కళ్ళముందు ఉన్నది ఇరవయ్యేళ్ళ నాటి తన మొదటి ఆఫీసు బాత్రూం. రసజ్ఞకి అప్పుడు నాలుగో నెల. మధ్యాహ్నం రెండు దాటేసరికి రొమ్ములు రాళ్ళలా బరువెక్కేవి, ఎక్కడో ఎవరి పసిబిడ్డో ఏడిస్తే చాలు, ఏడవకపోయినా రసజ్ఞ గుర్తొస్తే చాలు, జాకెట్టు తడిసిపోయేది. ఫైలు అడ్డం పెట్టుకుని బాత్రూంకి పరుగెత్తి, సింకు మీద వంగి పిండేసేది. చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పేది. తెల్లగా, సన్నగా, నీళ్ళతో కలిసి తిరుగుతూ పోయేవి పాలు. ఒకరోజు తుడవడానికి వచ్చిన పెద్దామె చూసి, అట్ల పారబొయ్యకు బిడ్డా, ఏదన్న చెట్టు మొదట్ల పొయ్యి అంది. ఆ ఆఫీసులో చెట్టంటే రిసెప్షన్‌లో ఉన్న ప్లాస్టిక్ చెట్టొక్కటే. అది తలుచుకుని ఆ రాత్రి వెంకట్‌తో చెబుతూ ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూ తను ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని వెంకట్ అడగలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. అతనంతే, అడగడు. నీళ్ళు తెస్తాడు.

ఎడమవైపే ఎక్కువ పాలు ఉండేవి. రసజ్ఞ కుడివైపుకి పెడితే మొహం తిప్పుకునేది, పేచీ పెట్టేది, చివరికి ఎడమవైపు దొరికాక ఒక చిన్న నిట్టూర్పు విడిచేది, ఊరెళ్ళి ఇంటికొచ్చిన మనిషిలా. ఆ ఎడమవైపే, చంకకు దగ్గరగా, ఇప్పుడు నేరేడు గింజంత గడ్డ ఉంది. ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే పరీక్షల్లో బయటపడింది. చేత్తో వెతికితే ఒక్కోసారి తగులుతుంది, ఒక్కోసారి తగలదు. సూది పెట్టి ముక్క తీశారు, వారం రోజులకి కాగితం వచ్చింది. కాగితంలో చాలా మాటలున్నాయి, అందులో తనకు ముందే తెలిసిన మాట ఒక్కటే, ఆ ఒక్కదాన్నే పదిసార్లు చదివింది. తొందరగా దొరికింది, అదృష్టం అన్నారు డాక్టర్ జాయ్స్. యాభై దాటిన మనిషి, వెండి గొలుసుకి చిన్న సిలువ, మాట్లాడేటప్పుడు పేషెంటు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించే అలవాటు. తెల్లకాగితం తీసుకుని రెండు బొమ్మలు గీశారు. ఇదిగో ఉమాశ్రీ గారూ, ఇది మొదటి దారి, గడ్డనీ దాని చుట్టూ ఒక అంచు మేర మంచి కండనీ తీస్తాం, రొమ్ము ఉంటుంది, కాస్త చిన్నదవుతుంది, తర్వాత మూడు వారాలు రేడియేషన్. ఇది రెండోది, మొత్తం తీసేస్తాం, మీ విషయంలో రేడియేషన్ బహుశా అక్కర్లేదు, కావాలంటే ఆ చోట మళ్ళీ రొమ్ములా కట్టొచ్చు, వద్దంటే వదిలేయొచ్చు. ఏ దారైనా చంకలోంచి ఒకటో రెండో గ్రంథులు తీసి చూస్తాం, తర్వాత కొన్నేళ్ళు మాత్ర వేసుకోవాలి. ఆయుష్షు సంగతికొస్తే రెండూ ఒకటే. మొదటి దారిలో అదే చోట మళ్ళీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, చాలా కొంచెం. ఇందులో తప్పు జవాబు లేదండీ.

తప్పు జవాబు లేని ప్రశ్నని ఉమాశ్రీ జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఇరవై మూడేళ్ళుగా ఆమె ఉద్యోగమే తప్పులు పట్టడం. ఎవరో రాసిన ప్రోగ్రాం తీసుకుని ఎక్కడ కూలుతుందో వెతకడం, కూలకపోతే పాస్, కూలితే ఫెయిల్, మధ్యలో ఇంకేదీ లేదు. రెండూ సరైనవే, మీకు ఏది నచ్చితే అది అంటే ఆమెకి కాళ్ళ కింద నేల కదిలినట్టనిపించింది. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని చెప్పేస్తే ఎంత హాయి. ఆడపడుచుకి అలాంటి సందేహాలేం లేవు. మొత్తం తీయించేసుకో వదినా, పీడా పోతుంది, ఈ వయసులో ఇంకెందుకది అంది ఫోన్లో, ఇల్లు ఖాళీ చేస్తూ పాత బీరువా సంగతి మాట్లాడినట్టు. ఆమెది ప్రేమే, ఆ రోజు నుంచీ ఒంటిపూట భోజనం చేస్తోందని తర్వాత తెలిసింది. ఇంకెందుకది. ఆ మాట మాత్రం నాలుగు రోజులుగా చెవిలో దోమలా తిరుగుతోంది. ఎందుకంటే మొదటి రాత్రి తనూ అదే అనుకుంది. తీసేస్తే ఒకటే కోత, ఒకటే ఏడుపు, ఇక చూసుకోవడానికి ఏమీ ఉండదు, ప్రతి పరీక్షకీ గుండె చేత్తో పట్టుకుని కూర్చోనక్కర్లేదు. అది కూడా అబద్ధమేనని డాక్టర్ మెల్లిగా చెప్పారు. తీసేసినా పరీక్షలుంటాయి, భయం ఉంటుంది, భయం రొమ్ములో ఉండదండీ అన్నారు.

రసజ్ఞ మాత్రం, నీ బాడీ అమ్మా, నీ డెసిషన్, అంది గట్టిగా వాటేసుకుని. ఆ పిల్ల వెంట్రుకల్లో షాంపూ వాసన, దాని వెనక ఎక్కడో ఇంకా నాలుగు నెలల పసిదాని వాసన. వెంకట్ ఏమన్నాడు. నీ ఇష్టం అన్నాడు.

నీ ఇష్టం. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు వింది. బెండకాయ వేపుడా పులుసా, నీ ఇష్టం. కూకట్‌పల్లిలో మీ ఆఫీసు దగ్గర ఉందామా, గోపన్‌పల్లిలో ఆ కొత్త అపార్టుమెంటు కొందామా, నీ ఇష్టం. పిల్లకి రసజ్ఞ అని పెడదామా, నీ ఇష్టం. కరెంటు ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం ఫిర్యాదులు వినీ వినీ ఇంటికొచ్చాక ఏ విషయమూ తేల్చే ఓపిక ఉండదేమో అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకుంది. మంచివాడే, గొంతు పెంచడు, అడ్డుచెప్పడు, అడ్డుచెప్పకపోవడమే ఒక్కోసారి గోడలా ఉంటుంది. డాక్టర్ గదిలోంచి బయటికొచ్చాక లిఫ్టు దగ్గర అడిగింది, మీరేమంటారండీ అని. అతను లిఫ్టు అంకెల వైపు చూస్తూ అదే మాటన్నాడు. అప్పుడొచ్చింది ఆమెకి కోపం, బయాప్సీ కాగితం చదివినప్పుడు కూడా రానంత కోపం. ఇది బెండకాయ కాదండీ అనాలనిపించింది. అనలేదు. పక్కన చక్రాల కుర్చీలో ఎవరో ముసలాయన ఉన్నాడు.

తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. హర్షిణి, తన టీములోనే చేరిన పిల్ల, నాలుగు నెలల సెలవు తర్వాత గత వారమే తిరిగొచ్చింది. భుజాన నల్ల సంచి. ఉమాశ్రీని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, మేడం. మీరున్నరా. నేను తర్వాత వస్త."

"రామ్మా. నేను ఊరికే కూర్చున్నాను. తలనొప్పిగా ఉంటే."

"లైటు తీసెయ్యమంటరా మరి?"

"వద్దులే. నీ పని చూసుకో, తెర వేసుకో."

తెర జరిగిన చప్పుడు, జిప్పు తీసిన చప్పుడు, తర్వాత పాలు తీసే మిషను గుర్రుమని మొదలైంది. ఊపిరి పీల్చి వదిలినట్టు ఒకే తూగు. ఆ తూగుకి ఉమాశ్రీ కళ్ళు మూతలు పడ్డాయి. కాసేపటికి తెర అవతల నుంచి హర్షిణి, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టుగా, ఇయాల పాలే వస్తలేవు మేడం అంది. పొద్దుగాల క్లయింట్ కాల్‌ల పరేషాన్ అయిన, టెన్షన్ పడితె గిట్లనే అయితది. పాప ఫోటో చూసుకో అంది ఉమాశ్రీ. చూస్తున్న మేడం, అయినా వస్తలేవు. అయితే మిషను వైపు చూడకు, సీసాలో ఎంతైందో చూడకు, అంది ఉమాశ్రీ, ఎదురుగా గోడకేసి చూడు, పాప నీ మీద చెయ్యేసి పడుకున్నప్పుడు ఆ చెయ్యి ఎక్కడ పెడుతుందో తలుచుకో. అని తనే ఆశ్చర్యపోయింది, ఇవన్నీ తనకెలా తెలుసు, ఎవరు చెప్పారు. చెప్పింది పుణ్యవతి పెద్దమ్మ.

అమ్మకి అక్క, పుణ్యవతి పెద్దమ్మ. పాలకొల్లులో ఉండేది. పొడుగ్గా, నిటారుగా, హెడ్మాస్టరు భార్యని అన్నట్టు నడిచేది. ఉమాశ్రీకి పదేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో ఆ ఇంట్లో దండెం మీద ఒక వింత వస్తువు దొరికింది. పెద్ద తువ్వాలు కింద దాచి ఆరేసిన గుడ్డ సంచి, అరచెయ్యంత, లోపల పాత నూలుచీర ముక్కలు కుక్కి కుట్టింది. బొమ్మకి తలగడలా ఉంది. దాంతో ఆడుకుంటుంటే అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటి వేసి లాక్కుంది. ఎందుకు కొట్టిందో పదిహేడేళ్ళ తర్వాత తెలిసింది. రసజ్ఞ పుట్టినప్పుడు పెద్దమ్మ హైదరాబాదు వచ్చి నెల్లాళ్ళు ఉంది. పసిదానికి నలుగు పెట్టి కాళ్ళ మీద వేసుకుని స్నానం చేయించేటప్పుడు కొంగు తడిసి ఒంటికి అంటుకుంటే, కుడివైపు ఏమీ లేదని మొదటిసారి కనిపించింది. పాలివ్వలేక ఏడుస్తున్న తనకి ధైర్యం చెబుతూ ఎదురుగా కూర్చున్న ఆ మనిషిని, పాలు పట్టి పసిదాన్ని అందిస్తూ అడిగేసింది. పెద్దమ్మ దాచలేదు. ముక్క తీసి చూస్తాం అని మత్తిచ్చారే, కాకినాడలో. లేచేసరికి ఇటేపు లేదు. నిన్ను అడగలేదా పెద్దమ్మా. మీ పెదనాన్నని అడిగారు. అంత మామూలుగా చెప్పింది, పసిదాని మడతల్లో పౌడరు అద్దుతూ. అప్పట్లో అలాగే చేసేవాళ్ళులే, బల్ల మీదే పరీక్ష చేసి అప్పుడే తీసేసేవారు, ఆయన బయట బెంచీ మీద కూర్చుని సంతకం పెట్టాడు, పాపం చెయ్యి వణికిందట. నిన్ను అడిగితే ఏమనేదానివి అంది ఉమాశ్రీ. పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. అంతసేపు ఆలోచించాల్సిన ప్రశ్న అని ఉమాశ్రీకి అప్పుడు తెలీదు. తీసెయ్యమనేదాన్నేలే, ప్రాణం కంటే ఎక్కువేంటి. కానీ ఆ మాట నేననేదాన్ని కదా.

ఆ తర్వాత పదేళ్ళు బతికింది పెద్దమ్మ. మొత్తం ఇరవై ఏడేళ్ళు ఆ ఖాళీతో బతికి, దానితో సంబంధం లేని జ్వరంతో పోయింది. అంతకాలమూ తను తప్ప ఎవరూ ఆమెని ఆ సంగతి అడగలేదు, పెదనాన్న కూడా. ఒక మగమనిషి చెయ్యి వణుకుతూ పెట్టిన సంతకానికి, ఇంకొక మగమనిషి లిఫ్టు దగ్గర నీ ఇష్టం అనడానికి మధ్య ఎంత దూరముంది, అది ముందుకొచ్చిన దూరమేనా, లేక ఇద్దరూ వేరువేరు పక్కల నుంచి ఒకే చోటుని తప్పించుకుంటున్నారా. పెదనాన్న తనకొక్కడికే తెలిసింది చెప్పకుండా చేశాడు. ఈయన తనకు తెలిసిందేదో చెప్పకుండా ఊరుకున్నాడు. ఈ ఆలోచన దగ్గర ఉమాశ్రీ ఆగింది. తెలిసిందేదో చెప్పకుండా. అవును, అతని దగ్గర ఏదో ఉంది. లిఫ్టు అంకెల వైపు చూసేవాళ్ళు అంకెల్ని చూడరు.

"మేడం, ఒస్తున్నయి," అంది హర్షిణి. గొంతులో నవ్వు. "మీరు చెప్పినట్టె చేసిన. అది నా చెవి పట్టుకుంటది మేడం, పండేటప్పుడు. గది యాది చేసుకున్న."

మంచిదమ్మా అంది ఉమాశ్రీ. తెర మీద ఆ పిల్ల నీడ ముందుకు వంగి ఉంది. తనకి తెలియకుండానే ఉమాశ్రీ కుడిచెయ్యి ఎడమవైపుకి వెళ్ళింది, కుర్తా మీద నుంచే. వెతకడానికి కాదు. పదిహేను రోజులుగా వెతకడానికి తప్ప అక్కడ చెయ్యి పెట్టలేదని ఇప్పుడే తెలిసింది. సూది గుచ్చిన చోట ఇంకా కొంచెం సలుపు. దాని కింద మెత్తగా, వెచ్చగా, ఎప్పటిలాగే. దీన్ని ఎవరెవరు ఎలా చూశారు. పదమూడేళ్ళప్పుడు అది రావడమే సిగ్గు, పుస్తకాలు గుండెలకి హత్తుకుని గూనిగా నడిస్తే, నిటారుగా నడవ్వే, తప్పేం చేశావు అని పెద్దమ్మే కేకలేసింది. ఆ తర్వాత బస్సుల్లో మోచేతులు. పెళ్ళయ్యాక వెంకట్ నిద్రలో అటు తిరిగి చెయ్యి వేసేవాడు, మెలకువలో ఉన్నప్పుడు కంటే నిద్రలోనే ధైర్యంగా. తర్వాత రెండేళ్ళు అది రసజ్ఞ సొత్తు. ఆ తర్వాత దాన్ని అందరూ మర్చిపోయారు, తనతో సహా. పిల్ల వంతు అయిపోయింది, మొగుడి వంతు ఏమో, అది అతను చెప్పాలి. అయితే అందరి వంతులూ తీసేశాక తన వంతంటూ ఏమైనా మిగిలిందా. ఇంకెందుకది అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉండాలి, ఉంటే.

నలభై అయిదో ఏట ఉమాశ్రీ ఈత నేర్చుకుంది. అపార్టుమెంటు కింద కొలను ఊరికే పడి ఉంది కదా అని, ఆదివారాలు పొద్దున్నే, పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు చూస్తుంటే, మోకాళ్ళ దాకా ఉన్న ఆ నల్ల ఈతదుస్తుల్లో ముడుచుకుంటూ మెట్లు దిగింది. మొదటి నెలంతా ముక్కులోకి నీళ్ళే. రెండో నెల్లో ఒకరోజు వెల్లకిలా తేలింది. చెవులు నీళ్ళలో మునిగి లోకం చప్పుడంతా ఆగిపోయింది, తన ఊపిరే తనకి వినిపించింది, పైన ఆకాశం, ఆకాశానికీ తనకీ మధ్య నీటిమట్టం దాటి రెండు చిన్న గుట్టలు. వాటిని చూసి నవ్వొచ్చింది. నవ్వితే మునిగింది. ఎవరికీ ఇవ్వడానికి కాదు, ఎవరి నుంచీ దాచడానికి కాదు, ఊరికే తేలుతున్నాయి, తనతో పాటు. ఒకటే ఉన్నా తేలొచ్చు. అది ఆమెకి తెలుసు. రెండూ లేకపోయినా తేలొచ్చు, ప్రాణం కోసమైతే రేపే తీసెయ్యమంటుంది, పెద్దమ్మ అన్నట్టే, క్షణం ఆలోచించదు. కానీ ప్రాణానికి రెండు దారులూ ఒకటే అని డాక్టర్ అంటున్నప్పుడు, దీన్ని ఉంచుకోవడానికి కారణం చూపించమని ఎవరడుగుతున్నారు. కారణమేం లేదు. అది నాది. ఇష్టం. అంతే. ఇంత చిన్న మాటా అనుకుంది ఉమాశ్రీ, పదిహేను రోజులు నిద్రపోకుండా వెతికింది ఇంత చిన్న మాట కోసమా. తేలిపోయిందన్న తేలికేం రాలేదు, ఇంకో పక్క నుంచి భయం అలాగే చూస్తోంది. సరే, చూడనీ.

ఫోన్ వణికింది. నాలుగు కాలేదే అని చూస్తే వెంకట్ నుంచి మెసేజ్. కింద గేటు దగ్గర ఉన్నాను, తొందరేం లేదు. ఇరవై రెండేళ్ళలో అతను పనివేళ తన ఆఫీసుకి రావడం ఇదే మొదలు. హర్షిణికి వెళ్ళొస్తానని చెప్పి, లిఫ్టు కోసం ఆగలేక ఏడు అంతస్తులూ మెట్లు దిగింది. బయట సన్నటి తుంపర. క్యాబుల వరుస పక్కన, గేటుకి అవతల టీ బండి పట్టా కింద వెంకట్ నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాలు తడిసిపోయి, చేతిలో ఒక హెల్మెట్, స్కూటరు అద్దానికి తగిలించి ఇంకొక హెల్మెట్. కళ్ళజోడు మీద చినుకులు. కూకట్‌పల్లి నుంచి ఈ ట్రాఫిక్‌లో వానలో వచ్చినందుకు ఏమనాలో తెలియక, తడిసిపోయారు అంది. ఏం పర్లేదు అన్నాడు. టీ తాగుతావా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"లోపల ఏమనుకుంటున్నారో చెప్పండి. నీ ఇష్టం అనొద్దు."

వెంకట్ కళ్ళజోడు తీసి, తడి చొక్కాకే తుడుచుకుని, ఇంకా మసకైన అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెప్తే నువ్వు అదే చేస్తావు."

"చెయ్యనండి."

"చేస్తావు ఉమా. పెళ్ళైన కొత్తలో నీలం రంగు బావుంటుందన్నాను ఒకసారి. ఇప్పటికీ ఇంట్లో కర్టెన్లన్నీ నీలమే. నీకు పసుపంటే ఇష్టమని నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది, రసజ్ఞ చెప్తే. అప్పట్నుంచీ ఏం చెప్పాలన్నా మరీ భయం."

నీలం కర్టెన్ల సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది. తను గోడ అనుకున్నది అటువైపు నుంచి చూస్తే ఇలా ఉందా. టీ బండి ఆమె వాళ్ళకి కాస్త చోటిచ్చి అటు తిరిగి గ్లాసులు కడుగుతోంది.

"ఈసారికి చెప్పండి," అంది.

"మొత్తం తీయించేసుకో అని చెప్పాలనుంది," అన్నాడు వెంకట్, రోడ్డు వైపు చూస్తూ. "పొద్దున లేస్తూనే అదే, బండి మీద అదే. రెండూ ఒకటేనని డాక్టరమ్మ చెప్పింది, విన్నాను. బుర్రకెక్కింది. కడుపులోకి దిగట్లేదు. ఒక్క ముక్క కూడా మిగల్చొద్దు, నువ్వుంటే చాలు, ఇదే తిరుగుతోంది లోపల. కానీ అది నా భయం. నా భయానికి నీ ఒళ్ళు కోయించుకోమని ఎట్లా చెప్తాను?"

ఆమె అతని మోచేతి మీద చెయ్యి వేసింది. తడి చొక్కా కింద చర్మం చల్లగా ఉంది. అప్పుడే ఫోన్ మోగింది. సరిగ్గా నాలుగు. రజిత.

"మేడం, హాస్పిటల్ నుంచి రజితని. గురువారం ఆపరేషన్ల లిస్టు రాస్తున్నం. ఏమనుకున్నరు?"

వెంకట్ అడుగు వెనక్కి వేశాడు, ఆమెకి చోటివ్వడానికి. ఉమాశ్రీ అతని మోచెయ్యి వదల్లేదు.

"గడ్డ వరకే తీయించుకుంటానండీ. తర్వాత రేడియేషన్."

"పక్కానా మేడం? తొందరేం లేదు, ఇంకో వారం ఆలోచించుకున్నా ఏం గాదని డాక్టరమ్మ చెప్పమన్నది."

"పక్కా."

"అంచుల్ల ఏమన్న మిగిలిందని రిపోర్టు వస్తె మల్లొకసారి తియ్యాల్సి వస్తది. అది యాదికున్నది గద?"

"ఉందండీ. అలా వస్తే అప్పుడు చూసుకుంటాను."

"సరే మేడం. బుధవారం సాయంత్రం వచ్చి అడ్మిట్ అవుండ్రి. సంతకం మీరే పెట్టాలె. ఫికర్ చెయ్యకుండ్రి."

ఫోన్ పెట్టేశాక ఆమెకి వెంకట్ ముఖం చూడాలంటే బెరుకు పుట్టింది. అతని మాట విన్న అరనిమిషానికే దానికి ఎదురు మాట చెప్పింది. కానీ అది ఆ అరనిమిషంలో పుట్టిన మాట కాదు, అతనికెలా చెప్పాలి. వెంకట్ తల దించుకుని హెల్మెట్ పట్టీని విప్పి, పెట్టి, విప్పి, పెట్టాడు. మింగుతున్నాడని ఆమెకి తెలుస్తోంది, ఆ భయాన్ని, ఒక్కో గుక్కా. తుంపర కాస్త పెరిగింది.

"రేడియేషన్ రోజూ ఏ టైముకో అడిగావా?"

"అడగలేదు."

"పొద్దున పెట్టమందాం. ఆఫీసుకి ముందు నేను తీసుకెళ్తాను. మూడు వారాలేగా."

"మీకు నిద్ర పడుతుందా?"

వెంకట్ నిజంగానే ఆలోచించాడు. "కొన్నాళ్ళు పట్టదులే," అన్నాడు. "నువ్వు పడుకో. నేను చూసుకుంటుంటాను."

అప్పుడు వచ్చింది ఏడుపు. పెద్దదేం కాదు, టీ బండి ఆమె కూడా గమనించనంత. అతను జేబులోంచి రుమాలు తీసి, అదీ తడిసిపోయిందని చూసుకుని, అయినా ఇచ్చాడు. ల్యాప్‌టాప్ పైనే ఉండిపోయింది, సంచీ పైనే, నాలుగున్నరకి ఒక మీటింగ్ కూడా ఉంది. రేపు చెప్పుకోవచ్చు అనుకుంది ఉమాశ్రీ. పగటి వెలుతురులో ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళి ఎన్నేళ్ళైంది. హెల్మెట్ పెట్టుకుని స్కూటరు ఎక్కింది. అతను జాగ్రత్తగా, గుంతలు చూసుకుంటూ, బస్సులకి దారి వదులుతూ నడుపుతున్నాడు. సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే ఆమె ముందుకి ఒరిగి అతని వీపుకి ఆనింది, ఎడమవైపు, సూది గుచ్చిన చోట చురుక్కుమంది. పళ్ళు బిగించి ఊపిరి తీసింది. అద్దంలోంచి అతనికి తెలిసిపోయింది.

"నొప్పా?"

"కొంచెం."

"వెనక్కి జరుగు మరి."

"జరగను," అంది ఉమాశ్రీ.